గాలిబ్ ఉత్తరాల్లో పుస్తకాల గొడవ

మీర్జా గాలిబ్ పుస్తకాలు కొనేవాడు కాదు. ఆయన శిష్యుడు హాలీ 1897లో గురువు జీవితం గురించి రాసినప్పుడు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాడు. దుకాణాల నుంచి పుస్తకాలు తెచ్చి ఇళ్ళకు అద్దెకిచ్చే మనిషి ఒకడు ఢిల్లీలో ఉండేవాడట. గాలిబ్ అతని చేత తెప్పించుకుని, చదివి, వెనక్కి ఇచ్చేసేవాడు. ఇంటి విషయంలోనూ అంతే, బతికినన్నాళ్ళూ అద్దె కొంపలే. కానీ ఇదే మనిషి ఉత్తరాలు తీసి చూస్తే సగం గొడవ పుస్తకాలదే: ఎవరు అచ్చు వేస్తున్నారు, కాగితం ఎలా ఉంది, కాపీ రాసేవాడు ఏం తప్పు చేశాడు, ఫలానావాడి ముందుమాటలో పొగడ్త ఎందుకు తగ్గింది, ఫలానా నిఘంటువు రాసినవాడు ఎంత మూర్ఖుడు. ఇంట్లో పుస్తకం లేని మనిషికి పుస్తకాల మీద ఇంత పట్టుదల ఎక్కడిదంటే, ఆయనకు పుస్తకం అనేది ఇంట్లో అలమరలో ఉండే వస్తువు కాదు, స్నేహితుల మధ్య తిరుగుతూ ఉండే వ్యవహారం. ఆ వ్యవహారం మొత్తం టపాలో నడిచింది కాబట్టే ఇవాళ మనం చదవగలుగుతున్నాం.

తెలుగువాళ్ళకు గాలిబ్ అంటే గజళ్ళే, అదీ చాలావరకు దాశరథి అనువాదాల పుణ్యాన. ఉత్తరాల గాలిబ్ మనకు అంతగా పరిచయం లేదు. ఉర్దూ వాళ్ళలో మాత్రం ఆధునిక ఉర్దూ వచనం ఈ ఉత్తరాలతోనే నిలబడిందని చెప్పేవాళ్ళు చాలామంది. ఇప్పటికి దొరికినవే ఎనిమిది వందలకు పైన ఉన్నాయి. ఎక్కువ భాగం జీవితం చివరి ఇరవై ఏళ్ళలో, అంటే 1850 తర్వాత రాసినవి. అంతకుముందు ఆయన ఉత్తరాలు పార్సీలో రాసేవాడు, బాగా అలంకరించి, అప్పటి పద్ధతిలో. ఉర్దూకి మారాక ఆ బిరుదులు, సంబోధనలు అన్నీ తీసి పక్కన పడేశాడు. కొన్ని ఉత్తరాలు నేరుగా ప్రశ్నతోనో, తిట్టుతోనో మొదలవుతాయి. ఆగ్రాలో ఉన్న స్నేహితుడు హాతిమ్ అలీ మెహర్‌కి రాస్తూ, ఉత్తరాన్ని మాటామంతీగా మార్చేశాను, వెయ్యి కోసుల దూరం నుంచైనా కలం నోటితో కబుర్లు చెప్పుకోవచ్చు అని గొప్పగా చెప్పుకున్నాడు. గొప్పే కానీ అబద్ధం కాదు.

దీనికి టపా కూడా కలిసొచ్చింది. 1854లో కంపెనీ ప్రభుత్వం తపాలా చట్టం మార్చి, దూరంతో పని లేకుండా పావు తులం బరువు ఉత్తరానికి అర్ధణా అని దేశమంతటికీ ఒకటే ధర పెట్టింది. ఢిల్లీ నుంచి ఆగ్రాకైనా హైదరాబాద్‌కైనా అదే అర్ధణా. గాలిబ్ మాత్రం చాలాసార్లు బిళ్ళ అంటించకుండా, డబ్బు అందుకునేవాడు కట్టేలా బేరంగ్‌గా పంపేవాడు. ముందే డబ్బు కట్టిన ఉత్తరం దారిలో పోయినా తపాలా వాళ్ళకు పోయేదేమీ లేదు, డబ్బు రావాల్సిన ఉత్తరాన్ని మాత్రం జాగ్రత్తగా చేరుస్తారని ఆయన లెక్క. పేదరికం అనుకుంటాం గానీ నిజానికి అది అనుభవం. తన చిరునామా విషయంలో మాత్రం దర్జాకి తక్కువ లేదు. పేట, వీధి రాయాల్సిన పని లేదు, ఢిల్లీ అని నా పేరు రాస్తే చాలు చేరుతుందని స్నేహితులకు చెప్పేవాడు, పేట పేరు రాస్తే నొచ్చుకునేవాడు కూడా.

1857 తర్వాత ఈ ఉత్తరాలకు ఇంకో పని పడింది. తిరుగుబాటు అణచివేత తర్వాత ఢిల్లీలో ఆయన స్నేహితుల్లో కొందరు చనిపోయారు, కొందరు ఊరు వదిలారు. ఆయన అక్కడే బల్లీమారాన్‌లో ఉండిపోయాడు. 1858 చివర్లో తఫ్తాకి రాసిన ఉత్తరంలో, ఈ ఒంటరితనంలో ఉత్తరాల మీదే బతుకుతున్నాను, ఎవరి ఉత్తరం వస్తే ఆ మనిషే వచ్చాడనుకుంటున్నాను అన్నాడు. పొద్దున ఒకటి రెండు, సాయంత్రం ఒకటి రెండు, టపావాడు రాని రోజు లేదని కూడా అన్నాడు. ఈ తఫ్తా అసలు పేరు మున్షీ హర్‌గోపాల్, ఊరు సికందరాబాద్ (మన సికింద్రాబాద్ కాదు, బులంద్‌షహర్ దగ్గరది). పార్సీ కవి, గాలిబ్ శిష్యుల్లో అందరికంటే దగ్గరివాడు, గాలిబ్ ముద్దుగా మీర్జా తఫ్తా అని పిలిచేవాడు. అందరికంటే ఎక్కువ ఉత్తరాలు, ఎక్కువ చీవాట్లు కూడా ఈయనకే.

పుస్తకం స్నేహితుల మధ్య తిరిగే వ్యవహారం అన్నది ఊరికే కాదు. గాలిబ్ తన కవిత్వాన్నే తన దగ్గర ఉంచుకునేవాడు కాదు. రాసినదాన్ని నవాబ్ జియావుద్దీన్ ఖాన్, హుసేన్ మీర్జా అనే ఇద్దరు స్నేహితులు సేకరించి పెట్టుకునేవాళ్ళు. 1857లో వాళ్ళిద్దరి ఇళ్ళూ దోపిడీ అయ్యాయి, వేల రూపాయల గ్రంథాలయాలు పోయాయి, వాటితో గాలిబ్ కవిత్వమూ పోయింది. మెహర్‌కి రాసిన ఉత్తరంలో దీని గురించి ఒక మాట ఉంది. ఒక ఫకీరు, మంచి గొంతున్నవాడు, ఎక్కడి నుంచో గాలిబ్ గజల్ ఒకటి రాయించుకుని వచ్చి చూపించాడట. ఆ కాగితం చూడగానే ఏడుపొచ్చింది, నమ్ము అంటాడు. అప్పటికే ఆయన ఉర్దూ దివాన్, అంటే కవితల సంకలనం, రెండుసార్లు అచ్చయింది, 1841లో ఒకసారి, 1847లో ఇంకోసారి. అయినా పరిస్థితి ఇది. అప్పటి అచ్చు పుస్తకం ఎన్ని చోట్లకి వెళ్ళేదో, ఎంతమంది దగ్గర మిగిలేదో దీన్నిబట్టే తెలుస్తుంది. చివరికి ఉర్దూ దివాన్‌ని కాపాడింది ఆయన తిరుగుబాటుకు ముందు రాంపూర్ నవాబు దగ్గరికి పంపిన ప్రతి. రాంపూర్ దోపిడీకి గురికాలేదు. 1860లో అక్కడికి వెళ్ళినప్పుడు దానికి నకలు రాయించి తెచ్చుకున్నాడు, తర్వాతి ముద్రణలకి అదే ఆధారం.

ఇక అసలు కథ, దస్తంబూ. ఈ పుస్తకం 1857 మే 11న సిపాయిలు ఢిల్లీలోకి వచ్చిన రోజు నుంచి 1858 జులై దాకా జరిగిన సంగతుల వివరణ, పార్సీలో. అది కూడా అరబ్బీ మాటలు కలవని పాత పార్సీలో రాయాలని పట్టుబట్టాడు. పుస్తకంగా చూస్తే దస్తంబూ అంత గొప్పది కాదు, నిజాయితీ విషయంలో అయితే మరీ తక్కువ. ఇంగ్లిష్ వాళ్ళు చదవాలని రాసినది. మొగల్ బాదుషా దగ్గర కొలువు చేసి, ఆయన కవిత్వాన్ని దిద్దిన మనిషి, ఆ కొలువు కూలిపోయాక కొత్త ప్రభువులకు తన విధేయత చూపించుకోవాలి. ఏడాదికి 750 రూపాయల కుటుంబ పింఛను 1857 మే నుంచి ఆగిపోయింది. విక్టోరియా రాణిని పొగుడుతూ రాసిన కసీదా కూడా పుస్తకంలోనే చేర్చాడు. ఈ పుస్తకంలో ఢిల్లీ మీద పడిన దెబ్బ కనపడుతుంది కానీ ఆచితూచి, ఎంత అవసరమో అంత. అదే రోజుల్లో స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో మాత్రం గొంతు వేరు. కోట, చాందినీ చౌక్, జామా మసీదు దగ్గర రోజూ సందడి, వారంవారం జమున వంతెన మీద షికారు, ఏడాదికోసారి పూల జాతర, ఢిల్లీ అంటే ఈ ఐదే, ఇవే పోయాక ఢిల్లీ ఎక్కడుందని శిష్యుడు మజ్రూహ్‌ని అడుగుతాడు. అసలు సంగతి పూర్తిగా రాయడానికి భయమేస్తోందని ఒక ఉత్తరంలో తఫ్తాకి ఒప్పుకున్నాడు కూడా.

ఢిల్లీలో అప్పుడు అచ్చు వేయించే పరిస్థితి లేదు కాబట్టి పుస్తకం ఆగ్రాలో మున్షీ శివ్ నారాయణ్ ఆరామ్ నడిపే ముఫీద్-ఎ-ఖలాయక్ ప్రెస్‌కి వెళ్ళింది. గాలిబ్ ఢిల్లీలో, ప్రెస్ ఆగ్రాలో. మధ్యలో తఫ్తా, మెహర్, నబీ బఖ్ష్ హకీర్ ముగ్గురినీ పనిలో పెట్టాడు, జీతం భత్యం లేని పని. 1858 ఆగస్టు నుంచి నవంబర్ దాకా వాళ్ళకు రాసిన ఉత్తరాలు వరసగా చదివితే ఒక చిన్న ప్రచురణ సంస్థ ఆఫీసు కళ్ళముందు కనపడుతుంది. రాతప్రతిని దిద్దేది ఒకరు, అచ్చు దగ్గర నిలబడి చూసేది ఒకరు, బైండింగ్, బంగారు పూత సంగతి చూసేది మెహర్. రాణికి, గవర్నర్ జనరల్‌కి, పెద్ద దొరలకి వెళ్ళాల్సిన ప్రతులు వేరు, మామూలు ప్రతులు వేరు. ఆ ప్రత్యేక ప్రతుల అట్టలు ఎలా ఉండాలో, ఎంత ఖర్చవుతుందో, డబ్బు ఎప్పుడు పంపాలో, ఒక్కో సంగతి రెండేసి ఉత్తరాల్లో. ఉమేద్ సింగ్ అనే ధనవంతుడు యాభై ప్రతులకు డబ్బిస్తానన్నాడు, దాంతో ప్రెస్ వాళ్ళకి ధైర్యం వచ్చింది. ఇప్పుడు మనం ముందస్తు ఆర్డర్లు అంటున్నది అప్పుడూ ఉన్నట్టే లెక్క, కాకపోతే ఒక్క మనిషే యాభై కొనాలి.

అట్ట మీద పేరు విషయంలో ఎంత టెన్షన్ పడ్డాడో చూడాలి. ఊళ్ళో అందరూ ఆయన్ని మీర్జా నౌషా అంటారు, పెళ్ళికొడుకు అనే అర్థంలో ముద్దుపేరు. అది పుస్తకం మీద పడకూడదు, అసదుల్లా ఖాన్ అని పూర్తి పేరే పడాలి, దొరల కాగితాల్లో ఉన్నది ఆ పేరే అని వెంటపడి రాశాడు. పుస్తకాన్ని ఆయన ఎందుకు అచ్చు వేయిస్తున్నాడో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. ఇంకోసారి అయితే, రాతప్రతి ఆగ్రాకి వెళ్ళిపోయాక, తాను వాడిన ఒక మాట అరబ్బీదని గుర్తొచ్చింది. అరబ్బీ లేకుండా రాశానని డప్పు కొట్టుకున్న పుస్తకంలో అరబ్బీ మాట! వెంటనే తఫ్తాకి ఉత్తరం: చాకుతో ఆ మాట గీకేసి దాని చోట ఫలానాది రాయి. అచ్చు మొదలయ్యేలోపు ఉత్తరం చేరాలన్న ఆదుర్దా ఆ వాక్యాల్లో తెలిసిపోతుంది.

శివ్ నారాయణ్‌తో మొదట్లో పరిచయం అంతా వ్యాపారమే. తర్వాత ఆ కుర్రాడు తన చిన్ననాటి స్నేహితుడు బన్సీధర్ మనవడని తెలిసింది. అంతే, ఉత్తరం రూపే మారిపోయింది. ఆగ్రాలో బన్సీధర్‌తో సగం రాత్రి దాకా చదరంగం ఆడిన సంగతి, మేడ మీద గాలిపటాలు ఎగరేసిన సంగతి, ఏ ఇల్లు ఎక్కడుండేదో, ఏ సందు ఎటు తిరిగేదో అన్నీ రాసుకొచ్చాడు. గాలిబ్ బాల్యం గురించి మనకు తెలిసిన మంచి ముక్కల్లో ఇదొకటి, అది వచ్చింది ఒక ప్రెస్ ఓనర్‌కి రాసిన ఉత్తరంలో. పుస్తకం అదే ఏడాది నవంబర్‌లో బయటికి వచ్చింది, విక్టోరియా రాణి ప్రకటన వెలువడి కంపెనీ పాలన పోయిన నెలలోనే. పింఛను మాత్రం 1860 మే దాకా మళ్ళీ రాలేదు.

అచ్చు గురించి ఆయన కోపాలు అర్థం కావాలంటే అప్పటి పద్ధతి కాస్త తెలియాలి. ఉర్దూ, పార్సీ పుస్తకాలు ఎక్కువగా రాతి అచ్చులో వేసేవాళ్ళు. పూత పూసిన కాగితం మీద జిడ్డు సిరాతో కాతిబ్ అనే లేఖకుడు పేజీ మొత్తం చేత్తో రాస్తాడు, దాన్నే కాపీ అంటారు. ఆ కాగితాన్ని రాతి మీద వేసి నొక్కితే రాత రాతికి అంటుకుంటుంది, ఆ రాతి నుంచి వందల ప్రతులు తీస్తారు. అంటే పుస్తకం అందం, తప్పులు రెండూ ఆ ఒక్క కాతిబ్ చేతిలో ఉంటాయి. అక్షరాలు పేర్చే అచ్చులో అయితే తప్పు అక్షరం తీసి ఇంకోటి పెట్టొచ్చు. ఇక్కడ దిద్దుబాటు కాపీ దశలోనే జరగాలి, రాతి మీదకి వెళ్ళాక తిరగేసిన రాతని గీకి సరిచేయాలి, ఎవరూ అంత శ్రమ పడరు.

1861లో ఢిల్లీలో అహ్మదీ ప్రెస్ ఆయన ఉర్దూ దివాన్‌ని అచ్చు వేసినప్పుడు సరిగ్గా ఇక్కడే చెడింది. మజ్రూహ్‌కి రాసిన ఉత్తరంలో ఆయన గోల వినాల్సిందే: లక్నో ప్రెస్ ఎవరి దివాన్ అచ్చు వేసినా ఆకాశానికి ఎత్తేసింది, అందమైన రాతతో మాటల్ని మెరిపించింది, ఢిల్లీ మీద, దాని నీళ్ళ మీద, దాని అచ్చు మీద శాపం పడ! కవిని కుక్కని పిలిచినట్టు పిలుస్తారు ఇక్కడ! తర్వాత అసలు సంగతి చెప్తాడు. ప్రతి కాపీ తాను చూస్తూనే ఉన్నాడు, తప్పులు గుర్తు పెడుతూనే ఉన్నాడు. కానీ కాపీ రాసేవాడు ఒకడు, దాన్ని తన దగ్గరికి తెచ్చేవాడు ఇంకొకడు. అంతా అయ్యాక రచయిత వాటాగా ఒక ప్రతి చేతికొచ్చింది, తెరిచి చూస్తే తప్పులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కాతిబ్ ఒక్కటీ దిద్దలేదు. రచయితకీ కాతిబ్‌కీ మధ్య మనిషి ఉన్నాడు, ఆ మధ్యమనిషికి దిద్దుబాటు మీద శ్రద్ధ లేదు, అంతే. ఆగ్రా పుస్తకం విషయంలో ఆ మధ్య చోట్లో తఫ్తా, మెహర్, హకీర్ ఉన్నారు, అందుకే అది నెగ్గింది. వంద మైళ్ళకు పైన దూరంలో అచ్చయిన పుస్తకం సరిగ్గా వచ్చి, సొంత ఊళ్ళో అచ్చయింది చెడడానికి కారణం ఇదే. ఆ చెడిన ప్రతిని దిద్ది కాన్పూర్ నిజామీ ప్రెస్‌కి పంపాడు, 1862లో అక్కడ మళ్ళీ అచ్చయింది. అసలు ఢిల్లీ అచ్చుకు ముందే రాతప్రతి మీరట్ వ్యాపారికి ఇస్తానని, ఆగ్రా శివ్ నారాయణ్‌కి ఇస్తానని, చివరికి ఢిల్లీవాళ్ళకి ఇచ్చి అందరి దగ్గరా మాట పడ్డాడు. ఒప్పందం, కాపీరైట్ లాంటి మాటలు ఈ ఉత్తరాల్లో ఎక్కడా కనపడవు, ఉన్నదంతా మొహమాటం.

తఫ్తా సొంతంగా డబ్బు పెట్టి తన కవిత్వం సుంబులిస్తాన్ అచ్చు వేయించుకున్నప్పుడు దాన్ని చూసి గాలిబ్ రాసిన నాలుగు ముక్కలు మాత్రం తమాషాగా ఉన్నట్టు కనపడి గుండెలో గుచ్చుకుంటాయి. డబ్బూ తగలేశావు, నీ ఆలోచననీ నా దిద్దుబాటునీ కూడా ముంచేశావు, ఎంత చెత్త కాపీ అని మొదలుపెట్టి, నువ్వు ఇక్కడుండి కోట బేగమ్‌లు వీధుల్లో తిరగడం చూస్తే నీ పుస్తకం ఎలా ఉందో నీకు తెలిసేది అంటాడు: ముఖం నిండు చంద్రుడు, బట్టలు మాసినవి, అంచులు చిరిగినవి, చెప్పులు తెగినవి. బాదుషా ఇంటి ఆడవాళ్ళు నిజంగానే అలా తిరుగుతున్న రోజులవి. దస్తంబూలో దొరలకు భయపడి తడిమి తడిమి చెప్పినదాన్ని ఒక పుస్తకం అచ్చు బాగాలేదని తిట్టడంలో ఇంత నగ్నంగా చెప్పేశాడు.

స్నేహితుల పుస్తకాలకు ముందుమాటలు రాయడంలో ఆయన మొహమాటపడలేదు. తన దివాన్‌కి గాలిబ్ రాసిన ముందుమాటలో పొగడ్త చాల్లేదని తఫ్తా నొచ్చుకుంటే, భట్రాజుల్లా వాగడం నాకు రాదు, నా కసీదాలు చూడు, రాజు పొగడ్త పద్యాలు తక్కువే ఉంటాయి అని జవాబిచ్చాడు. సయ్యద్ అహ్మద్ ఖాన్ అక్బర్ కాలం నాటి ఐనె అక్బరీని కష్టపడి పరిష్కరించి ప్రచురిస్తూ ముందు పద్యాలు అడిగితే, చచ్చినవాళ్ళని పూజించడం మానేసి ఇంగ్లిష్ వాళ్ళ ఆవిరి యంత్రాలు, తంతి వార్తలు చూడు అని పార్సీలో రాసిచ్చాడు. సయ్యద్ దాన్ని పుస్తకంలో వేయలేదు. ఎవరు మాత్రం వేస్తారు?

ఇలా చీవాట్లు పెట్టే మనిషి చదవడం దగ్గర మాత్రం చిన్నపిల్లాడే. మజ్రూహ్‌కి ఒక ఉత్తరంలో చెప్తాడు, మౌలానా గాలిబ్ ఈ మధ్య చాలా సంతోషంగా ఉన్నాడట. అమీర్ హమ్జా కథల లావు పుస్తకం ఒకటి, బోస్తాన్-ఎ-ఖయాల్ సంపుటం ఇంకోటి దొరికాయి, ఇంట్లో పదిహేడు సీసాల మంచి మద్యం ఉంది, పగలంతా పుస్తకం, రాత్రంతా తాగుడు. మాయలూ మంత్రాలూ రాక్షసులూ ఉన్న జానపద కథలవి. పార్సీ శుద్ధి గురించి జనాన్ని దుమ్మెత్తిపోసే పండితుడు కాలక్షేపానికి చదివేది ఇవీ! ఆయన్ని కాస్త దగ్గరగా ఇష్టపడాలంటే ఈ ఉత్తరం చదవాలి.

నిఘంటువు గొడవకి మన తెలంగాణతో సంబంధం ఉంది. తిరుగుబాటు రోజుల్లో ఇంట్లోంచి కదలకుండా కూర్చున్నప్పుడు ఆయన చేతిలో ఉన్న కొద్ది పుస్తకాల్లో ఒకటి బుర్హాన్-ఎ-ఖాతే అనే పార్సీ నిఘంటువు. దాన్ని ముహమ్మద్ హుసేన్ తబ్రేజీ 1652 ప్రాంతంలో గోల్కొండలో కూర్చి అబ్దుల్లా కుతుబ్ షాకి అంకితం ఇచ్చాడు. రెండు వందల ఏళ్ళుగా దేశమంతా ప్రామాణికంగా వాడుతున్న పుస్తకం. గాలిబ్ దాని అంచుల్లో తప్పులు గుర్తు పెట్టడం మొదలుపెట్టి, చివరికి వాటిని ఖాతే-ఎ-బుర్హాన్ అని పుస్తకం చేసి 1862లో లక్నో నవల్ కిశోర్ ప్రెస్‌లో అచ్చు వేయించాడు. పేరుని తిరగేసి, బుర్హాన్‌ని ఖండించేది అనే అర్థం వచ్చేలా పెట్టడంలోనే దెబ్బ ఉంది. దాంతో పండితులు లేచారు. మీరట్ నుంచి ఒకరు, పాటియాలా నుంచి ఒకరు, కలకత్తా నుంచి ఆగా అహ్మద్ అలీ, వరసగా ఖండన పుస్తకాలు వేశారు. గాలిబ్ కూడా తగ్గలేదు, 1865లో తన పుస్తకాన్ని పెంచి ఇంకో పేరుతో వేశాడు, జవాబులకు జవాబులు రాశాడు, శిష్యుల పేర్లతో కూడా రాశాడని అంటారు. 1867 చివర్లో పాటియాలా పండితుడి మీద పరువు నష్టం దావా వేసి కొన్ని నెలల తర్వాత వెనక్కి తీసుకున్నాడు. పేరు లేని ఉత్తరాల్లో బూతులు కూడా వచ్చేవి. ఒక ఉత్తరంలో తల్లిని తిట్టారట. వీడికి తిట్టడం కూడా రాదు, ముసలివాడిని కూతురి పేరు పెట్టి తిట్టాలి, యువకుడిని పెళ్ళాం పేరు పెట్టి, పిల్లాడిని తల్లి పేరు పెట్టి, డెబ్బై ఏళ్ళవాడికి తల్లి తిట్టు ఏం తగుల్తుంది అని నవ్వాడని హాలీ రాశాడు.

ఈ గొడవలో గాలిబ్ పక్షం పూర్తిగా న్యాయమైంది కాదు. పార్సీ చెవి ఆయనకు గొప్పగా ఉంది, చాలా చోట్ల తబ్రేజీ నిజంగానే తప్పు. కానీ భాషాశాస్త్రం పద్ధతి ఆయనకు లేదు. ప్రాచీన పార్సీ గ్రంథమని చెలామణి అయిన దసాతీర్‌ని ఆయన పూర్తిగా నమ్మాడు, దస్తంబూలో అందులోని మాటలు వాడాడు. ఆ దసాతీర్ తర్వాతి కాలంలో ఎవరో అల్లిన కల్పిత గ్రంథమని తేలింది. తబ్రేజీ నిఘంటువులో కూడా అవే కల్పిత మాటలు ఉన్నాయి, అంటే ఇద్దరూ ఒకే గోతిలో పడ్డారు. అబ్దుస్సమద్ అనే ఇరానీ గురువు దగ్గర పార్సీ నేర్చుకున్నానని గాలిబ్ చెప్పుకునేవాడు. గురువు లేడని జనం వెక్కిరిస్తారని ఆ పేరు తానే పుట్టించానని ఆయనే అన్నట్టు కూడా హాలీ రాశాడు.

శిష్యులు కాని మామూలు పాఠకులు కూడా ఆయనకు రాసేవాళ్ళు, ఈ పద్యానికి అర్థం ఏంటి అని. అబ్దుల్ రజ్జాక్ షాకిర్ అలా అడిగితే దివాన్ మొదటి పద్యానికే (ఈ బొమ్మ ఎవరి గీత మీద ఫిర్యాదు చేస్తోంది, ప్రతి బొమ్మా కాగితం బట్టల్లోనే ఉందేమిటి అని అడిగే పద్యం అది) వివరణ ఇచ్చాడు: ఇరాన్‌లో ఫిర్యాదు చేసేవాడు కాగితం బట్టలు వేసుకుని పాలకుడి ముందుకు వెళ్ళేవాడు, బొమ్మ కూడా కాగితం మీదే ఉంటుంది కదా, అదీ సంగతి అని. రాసిన కవే చెప్పిన ఈ ముక్క లేకపోతే ఆ పద్యం ఇప్పటికీ చిక్కుముడే, కొందరికి ఈ వివరణ తర్వాత కూడా చిక్కుముడే. అదే ఉత్తరంలో తన తొలినాటి కవిత్వం గురించి కూడా చెప్పాడు. పదిహేను నుంచి ఇరవై ఐదేళ్ళ దాకా ఊహల్లో తేలిపోయి రాశాను, తెలివి వచ్చాక ఆ దివాన్‌ని చించేశాను, నమూనాకి పది పదిహేను పద్యాలు మాత్రం ఉంచాను అని. పాపం షాకిర్ నమ్మే ఉంటాడు. కానీ భోపాల్‌లో 1821 నాటి రాతప్రతి ఒకటి బయటపడి 1921లో అచ్చయింది, అందులో ఆ చించేసిన కవిత్వం దండిగా ఉంది. పైగా ఆయన ఉంచుకున్నవి కూడా పది పదిహేను కాదు, చాలా ఎక్కువ. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు గాలిబ్ లెక్కల్ని యథాతథంగా తీసుకోకూడదు.

హైదరాబాద్‌లో ఉన్న హబీబుల్లా జకాకి కూడా ఇలాగే ఉత్తరాలు వెళ్ళాయి. ఆ నాటికి గాలిబ్ చెవులు వినపడని, లేచి కూర్చోలేని ముసలివాడు. పద్యాలు దిద్దమని దేశం నలుమూలల నుంచి వచ్చే కట్టలు ఆగలేదు. ఇక పంపకండి అని పత్రికలో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఈ ఉత్తరాలనే పుస్తకంగా వేద్దామని 1858లోనే శివ్ నారాయణ్, తఫ్తా అడిగారు. గాలిబ్ ఒప్పుకోలేదు. మనసు పెట్టి రాసినవి ఏవో కొన్ని ఉంటాయి, మిగతావన్నీ చేతికొచ్చినట్టు గీకినవి, అవి బయటపడితే నా కవి హోదాకి తక్కువ అని శివ్ నారాయణ్‌కి రాశాడు. రెండు రోజులకి తఫ్తాకి ఇంకాస్త గట్టిగా: చిన్నపిల్లల్లా మొండికేయకు, నీకంత సరదాగా ఉంటే నన్నడగకు, నీ ఇష్టం, నాకు మాత్రం ఇది ఇష్టం లేదు. అప్పటికి ఆయన దృష్టిలో అసలు పుస్తకం దస్తంబూ, పార్సీది, బంగారు అట్టది. దాని అచ్చు కోసం గీకిన ఉర్దూ చీటీలు పుస్తకం ఎలా అవుతాయి? కానీ అడిగేవాళ్ళు పెరిగారు, మార్‌హ్రాలో చౌధరి అబ్దుల్ గఫూర్ సురూర్ తనకొచ్చిన ఉత్తరాలు కూర్చి పెట్టాడు, గులాం గౌస్ బేఖబర్ ఇంకొన్ని చేర్చాడు, గాలిబ్ మెల్లగా మెత్తబడ్డాడు, చివరికి తానే ఉత్తరాలు తెప్పించి ఇచ్చే దాకా వచ్చాడు. ఊద్-ఎ-హిందీ పేరుతో మొదటి సంపుటం 1868 అక్టోబర్‌లో మీరట్‌లో వచ్చింది. రెండోది ఉర్దూ-ఎ-ముఅల్లా ఢిల్లీలో 1869 మార్చిలో, ఆయన ఫిబ్రవరి 15న చనిపోయిన మూడు వారాల్లోపే వచ్చింది.

మనకు తెలిసిన చిలిపి గాలిబ్, సీసాలు లెక్కపెట్టే గాలిబ్, ప్రెస్‌ని శపించే గాలిబ్ అంతా ఈ రెండు సంపుటాల్లో మనిషే. రాంపూర్ నవాబులకు రాసిన ఉత్తరాలు సంస్థానం దస్తావేజుల్లో ఉండిపోయి, 1937లో గానీ ఇంతియాజ్ అలీ అర్షీ చేతుల మీదుగా అచ్చు కాలేదు. అవి చదివితే ఇంకో మనిషి కనపడతాడు. నెలకి వంద రూపాయలు ఇచ్చే నవాబు యూసుఫ్ అలీ ఖాన్ 1865లో చనిపోయాక కొడుకు కల్బె అలీ ఖాన్ గద్దెనెక్కాడు. ఈయనకు పార్సీ పాండిత్యం ఉందన్న నమ్మకం ఎక్కువ. ఒకసారి తన పార్సీ రచన దిద్దమని పంపితే గాలిబ్ అలవాటు కొద్దీ తప్పులు దిద్దాడు, హిందుస్తానీ నిఘంటుకారుల మీద రెండు మాటలు విసిరాడు. నవాబుకి నచ్చలేదు, తన ప్రయోగం సరైనదేనని నిఘంటువులు చూపించాడు. కలకత్తా పండితుడితో గొడవపడి, పాటియాలా పండితుడితో కోర్టు దాకా వెళ్ళిన మనిషి ఇక్కడ వాదించలేదు. తప్పయింది, క్షమించండి అని రాశాడు. వంద రూపాయలు ఆగకుండా వచ్చాయి.